మా సాయంకాలములను గూర్చి పట్టణ పాలకులకు బహిరంగ లేఖ

హాలియా, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పట్టణముల పాలకవర్గములకును, పురపాలక అధికారులకును వ్రాయునది.



పట్టణాభివృద్ధి అను మాట సభలలో వినబడునప్పుడెల్ల దాని వెంట వచ్చు పట్టిక మాకు కంఠస్థమైయున్నది: సిమెంటు రోడ్లు, మురుగుకాలువలు, వీధిదీపములు, మంచినీటి పైపులు, చౌరస్తాలో విగ్రహము, బస్టాండు ప్రక్కన దుకాణముల సముదాయము. ఇవి అక్కరలేనివని వాదించుటకు నేను కలము పట్టలేదు. వానాకాలమున మోకాలిలోతు బురదలో నడచినవాడెవ్వడును రోడ్డును తక్కువచేసి మాట్లాడడు. కాని పగలంతయు చాకిరి చేసి ఇల్లు చేరిన మనుష్యుడు, అన్నము తినుటకును నిద్రపోవుటకును ముందు తనకు మిగిలిన ఆ కొద్దిపాటి కాలమును ఎక్కడ, ఎవరితో, దేనిని చేతబట్టి గడపవలెనను ప్రశ్న ఆ పట్టికలో ఏ వరుసయందును కానరాదు. అడిగినవారికి, ముందు పనులు కానిండు, కాలక్షేపము సంగతి తరువాత చూతమను సమాధానము లభించుచుండును. ఏ ఒక్క పట్టణముపైనను, ఏ ఒక్క అధికారిపైనను నేరము మోపుట నా యుద్దేశము కాదు; ఈ దృక్పథము మన కాలమున అధికారస్థానములన్నిటను వ్యాపించియున్నది, మన యిండ్లలోను ఉన్నది. దానిని నేను అంగీకరింపజాలక, అంగీకరింపకుండుటకు గల కారణములను మీ యెదుటను, ప్రజల యెదుటను పెట్టుచున్నాను.

మీరు మమ్ములను పన్నుదారులుగను, ఓటర్లుగను, లబ్ధిదారులుగను లెక్కించెదరు. ఆ మూడు లెక్కలకును చిక్కని మనిషి యొకడు మా యందరిలోను ఉన్నాడు. జీతము కొరకు గాక, పేరు కొరకు గాక, చేయుటయందలి ఆనందము కొరకే ఏదో యొక చిన్నపనిని చేపట్టి, ఆ పనినే ప్రేమించు మరి నలుగురిని వెదకుకొనువాడే ఆ మనిషి. బియ్యపు మిల్లులో దినమంతయు బస్తాలు మోసిన హమాలీ సాయంకాలము వాలీబాలు నెట్టు బిగించి కట్టుచున్నప్పుడు, మార్కెట్టు యార్డులో చిట్టాలు వ్రాసి వేళ్ళు నొచ్చిన గుమాస్తా క్యారంబోర్డుపై పౌడరు చల్లి అరచేతితో సర్దుచున్నప్పుడు, పదవీవిరమణ చేసిన పంతులుగారు పాత హార్మోనియము తిత్తికి పడిన చిల్లును అతికి మెట్లు సరిచూచుకొనుచున్నప్పుడు వారి ముఖములను మీరెన్నడైన పరికించితిరా? వారి అప్పు తీరలేదు, వడ్ల ధర పెరుగలేదు, పెన్షను రెట్టింపు కాలేదు. అయినను ఆ కొంతసేపు వారికి ఇంకేదియో కావలెనని తోచదు. కొండంత సంపదతోను కొనరాని ఈ స్థితి, క్యారంబోర్డు వెలకే దొరకుచున్నదనిన, ప్రజాక్షేమమును కోరు పాలకుడు దానిపట్ల ఎట్లు ఉదాసీనుడై యుండగలడు? తృప్తి యనునది ఎవని స్వభావమును బట్టి వానికి లభించునని తలచి మీరు దానిని మీ బాధ్యతలనుండి తప్పించితిరి. నలుగురు కూడి కూర్చుండుటకు చోటును, వేళయు గల ఊరిలోనే అది వర్ధిల్లునని నేను విన్నవించుచున్నాను; ఆ చోటు మీ యధీనమున ఉన్నది.

చిరుతల రామాయణమును మీలో పెక్కుమంది బాల్యమున చూచియే యుందురు. కోతలు ముగిసి, తొలకరి పడి దుక్కులు మొదలగు వరకు గల ఎండకాలపు విరామమున, ఊరివారు కొందరు కూడబలుకుకొని, ఆట నేర్పు గురువును పొరుగూరినుండి పిలిపించి, ఆయన భోజనమునకును సంభావనకును చందాలు పోగుచేసి, రాత్రి అన్నములైన పిదప గుడిముందరనో బడిముందరనో దీపము పెట్టుకొని, పాటలును అడుగులును నేర్చుకొనెడివారు. చేతిలో బిళ్ళలు పొదిగిన కొయ్యచిరుతలు. వలయముగ తిరుగుచు, వంగుచు లేచుచు, తాళమునకు అడుగును, అడుగునకు గొంతును కలుపుచు, అక్షరము రానివాడు సహితము దీర్ఘములైన దరువులను చెవితోనే పట్టి కంఠస్థము చేసెడివాడు. అట్లు దినములును వారములును నేర్చి, తుదకు పందిరి వేసి, వరుసరాత్రులు ఆడి, పట్టాభిషేకముతో ముగించునాటికి, ఊరు ఊరంతయు చాపలు పరచుకొని కూర్చుండెడిది. ముందువరుసలోని పిల్లలకు పాటలు సగము నోటికి వచ్చియుండెడివి. ఏలయన అభ్యాసము జరిగిన రాత్రులన్నియు వారు ఆ దీపము ప్రక్కనే నిద్రపోయిరి.

ఆ ఆటలో రాముని వేషము వేసినవాడు మరునాడు నాగలి పట్టెడివాడు. రావణుడు గొర్లను తోలుకొనిపోయెడివాడు. హనుమంతుడు కుమ్మరిసారె ముందు కూర్చుండెడివాడు. వారిలో ఒక్కరికిని ఆట జీవనోపాధి కాదు. వరుస తప్పిన వానిని సరిదిద్దునప్పుడు కులము అడ్డురాలేదని చెప్పుట సత్యము కాజాలదు. మన పల్లెలలో కులము అడ్డురాని చోటు అరుదు, ఆ వలయములోనికి అడుగు పెట్టనీయబడని వారును ఉండిరి. కాని ఒకే తాళమునకు అడుగు వేసినవారు మరునాడు బావికాడ ఎదురైనప్పుడు తల త్రిప్పుకొని పోవుట కొంత కష్టమయ్యెడిది. ఆ కొంత కష్టమునకు గల విలువ ఎంతటిదో, పరువు పేర కన్నబిడ్డలనే దూరము చేసికొనుచున్న కుటుంబములను కన్నులార చూచిన ఈ ప్రాంతపు పాలకులకు నేను వివరింపవలెనా? మనుష్యుని మనుష్యునిగ చూచుటకు ఉపన్యాసములు పెక్కు చేసితిమి. కలసి ఆడుకొను చోటును మాత్రము ఏర్పరుపలేదు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన పిదప ఈ నేల రూపమే మారిపోయినది. ఎడమ కాలువ క్రింద మెట్టపొలములు మాగాణులయినవి. వానాకాలము, యాసంగి యని రెండు పంటలు. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు బారులు తీరినవి. నాలుగుదారులు కలియు హాలియా పెరిగి పెరిగి 2018లో పురపాలక సంఘమైనది. ఇది మా భాగ్యము, ఆ నీటికి మేము ఋణపడియున్నాము. కాని రెండుపంటల నేలపై ఎండకాలము మునుపటి విరామము కాదు. ధాన్యమును కల్లమున ఆరబోసి, మబ్బు కమ్మినప్పుడెల్ల పట్టాలు కప్పి, కొనుగోలు కేంద్రముకడ కాంటా కొరకును లారీ కొరకును కాచుకొనుటలోనే చైత్రవైశాఖములు గడచిపోవుచున్నవి. ఆటకు పూర్వమున్న వేళ పోయినది. ఊరు పట్టణమగుటతో చోటును పోవును: రచ్చబండ ఉండినచోట రోడ్డు వెడల్పగును, గుడిముందరి మైదానము వాహనములు నిలుపుటకు అమరును, పాతయిండ్ల అరుగులు షట్టర్లగును, బడి ఆవరణమునకు నాలుగున్నర గంటలకు తాళము పడును. ఇది ఏ ఊరికిని ప్రత్యేకమైన దోషము కాదు, పెరిగిన ఊరులన్నిటి కథయు ఇదియే. అయినను అడుగుచున్నాను: పోయిన ఆ అరుగులకు బదులుగ మీరు ప్రజలకు ఏమి యిచ్చితిరి?

ఇయ్యకున్నను జనులు ఊరకుండలేదు. ఇండ్లు లేవని వెంచర్లలోని ఖాళీ ప్లాటులో పిల్లలు వికెట్లు పాతుదురు. యజమాని వచ్చి కడీలు పాతి తీగె చుట్టిన నాడు మరియొక ప్లాటునకు తరలిపోవుదురు. కాలువకట్ట వెంబడి వేకువనే నడచువారు వంతెనమీద ఆగి, నీరు ఎంత వచ్చుచున్నదో, ఎగువ ఎన్ని గేట్లు ఎత్తిరో చర్చించుకొని, ఆ స్నేహమును ఛాయ్ హోటలు వరకు కొనసాగింతురు. గాలము పట్టినవారు ఒకరిప్రక్క ఒకరు మాటలేక కూర్చుండుటలో గల చెలిమి వారికే తెలియును. వీరిని చూచి, పనిపాట లేనోళ్ళని పెదవి విరచు పెద్దలున్నారు. వీరు పని లేక వచ్చినవారు కారు, పని ముగించుకొని వచ్చినవారు. మధ్యాహ్నమెల్ల సెంటు భూమి కొరకు తగవులాడు వానిని వ్యవహారజ్ఞుడని గౌరవించి, సాయంకాలము చదరంగమాడు వానిని సోమరియని నిందించు సమాజమునకు విలువలు ఎట్లు తారుమారైనవో మీరే ఆలోచింపుడు.

ఈ చదరంగపు స్నేహమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన మన సామాజిక సంబంధములలో దీనికి సాటియైనది నాకు వేరొకటి కానరాలేదు. చుట్టరికము పుట్టుకతో వచ్చును, పెండ్లిలో పెట్టుపోతల దగ్గర అలుగును. వ్యాపారస్నేహము లెక్క సరిపోయినంతవరకు నిలుచును. రాజకీయస్నేహము ఎన్నికల ఫలితముతో కండువా మార్చును. కాని బల్లకు ఇరుప్రక్కల ఏండ్ల తరబడి కూర్చున్న యిరువురి నడుమ ఏర్పడు బంధము దేనినీ ఆశింపనిది. ఎదుట కూర్చున్న ఆయనకు ఎన్ని ఎకరములున్నవో ఎరుగము. గుఱ్ఱమును ఎప్పుడు త్యాగము చేయునో ఎరుగుదుము. ఆయన ఏ పార్టీకి ఓటు వేయునో అడుగము. ఓడిపోవుచున్నప్పుడు గడ్డము గోకికొనునని మాత్రము మాకు తెలియును. ఆయనకంటె ఇరువదియేండ్లు చిన్నవాడు ఎదుట కూర్చుండి, “బాపూ, మంత్రి పోతున్నడు చూసుకో” యని హెచ్చరించినచో ఆయన కోపగింపడు, పోటీకి పైబడిన వాత్సల్యముతో నవ్వును. వరుసగ నాలుగు సాయంకాలములు ఆయన రాకున్నచో, ఏమాయెనోయని ఇల్లు వెదకుకొనుచు పోవుదుము.

భార్య గతించి, పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో పోయి, పెద్ద డాబాయింటిలో టెలివిజను చప్పుడును తోడుగ పెట్టుకొని బ్రతుకు తండ్రులు ఈ నాలుగు పట్టణములలో ప్రతివీధియందును ఉన్నారు. వారికి మీరు పెన్షను మంజూరు చేయగలరు, కంటివైద్య శిబిరము పెట్టగలరు. నాలుగవనాడు వచ్చి తలుపు తట్టు ఆ చేయి మీ ఏ పథకములో ఉన్నది? అది ఏ నిధినుండి మంజూరగును?

స్త్రీల మాట వేరుగ చెప్పకతప్పదు. పురుషునకు కనీసము ఛాయ్ హోటలు బల్లయైన మిగిలినది. ఆమెకు అదియును లేదు. బతుకమ్మ నాళ్ళలో తంగేడును, గునుగును కోసి, రంగులద్ది, వరుసలు వరుసలుగ పేర్చుటలో ఆమె చూపు శ్రద్ధ ఏ శిల్పికిని తీసిపోదు. ఆ పేర్పు చుట్టును కూడిన వాడకట్టు స్త్రీలు అత్తకోడళ్ళను భేదము మరచి చప్పట్లు కలుపుదురు. ఆ తొమ్మిది దినముల కొరకు మీరు చెరువుకట్టను శుభ్రము చేయింతురు, దీపములు కట్టింతురు, సంతోషము. మిగిలిన మూడువందల యేబదియారు దినములలో ఆమె స్నేహితురాండ్రతో ఎక్కడ కూర్చుండవలెను? ఇంటిపని తీర్చుకొని, కోలాటము నేర్చుకొందమని పదిమంది స్త్రీలు జట్టు కట్టినచోట, వారికి దొరకునది గుడి ఆవరణయొక్కటియే. అదియు పండుగలు, పెండ్లిండ్లు లేని నాడే. వెలుతురు గల ఒక గచ్చునేల, తలుపు సరిగ పడు మరుగుదొడ్డి, చీకటిపడిన పిదప ఇంటికి నిర్భయముగ నడచిపోగల దారి — ఈ మూడింటికి మించి వారు ఏమి కోరిరి?

పిల్లల విషయమున మనము చేయుచున్నది ఇంకను దారుణము. ర్యాంకు రాని గంటను నష్టపోయిన గంటగ తలిదండ్రులు లెక్కించుచున్నారు. ఆటస్థలము లేని విద్యాలయములకు అందరమును కలసి అలవాటుపడితిమి. విశ్రాంతికిని, ఆటకును, వయస్సునకు తగిన వినోదమునకును బాలబాలికలకు హక్కు కలదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ముప్పదియొకటవ అధికరణము ఘోషించుచున్నది. 1992లో భారతదేశము దానికి సమ్మతి తెలిపినది. దేశము చేసిన ఆ వాగ్దానమును నెరవేర్చవలసినది ఢిల్లీలో కాదు, మీ వార్డులో.

ఈ ఆటలును, కూడికలును నవనాగరికుల విలాసములని భావించువారు ఒక్కసారి సాగరము ఆవలియొడ్డున అనుపునకు పోయి చూడవలెను. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురియందు, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, నలుప్రక్కల మెట్లవరుసలతో నిర్మించిన ప్రేక్షాగారము 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయల్పడినది. జలాశయమున ఆ నగరమున్న లోయ మునుగనున్నందున దానిని అనుపు వద్ద మరల నిర్మించిరి. విహారములను, చైత్యములను, స్నానఘట్టములను కట్టించిన ఆ నగరమువారు, జనులు కూడి కూర్చుండి చూచి ఆనందించుటకొక చోటు కూడ నగరమునకు అవసరమనుకొనిరి. పదునేడువందల యేండ్లనాటి పట్టణమునకు తోచిన యీ సంగతి ఇరువదియొకటవ శతాబ్దపు పట్టణమునకు ఏల తోచరాదు? సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములకంటె జనుల ఆటలకును, వినోదములకును, పండుగలకును ఎక్కువ ప్రాధాన్యమిచ్చిరి. ఒక జాతి ఎట్లు జీవించినదో తెలియవలెననిన అది ఏమి ఆడుకొన్నదో విచారింపవలెనని ఆయన గ్రహించిరి. మన కాలపు చరిత్రను రేపెవరైన వ్రాయబూనినచో హాలియావారు ఏమి ఆడుకొనిరని వ్రాయుదురు?

ఈ నేలమీద కూడి కూర్చుండుటయే నేరమైన కాలమొకటి ఉండెను. సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు శాసించిన నిజాము పాలనలో, 1931లో, మనకు పొరుగుననున్న దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొన్ననాటినుండి ఊరూర పుస్తకములు మోసి, అద్దెగదులలో చదువుకొను చోట్లను తెరచినవారు, ఆ గదులలో వార్తాపత్రికలతోపాటు స్నేహములను సయితము పెంచిరి. సంస్థానపు ఆంక్షలను ఎదిరించి మన తాతలు సాధించుకొన్న ఆ కూడిక, అడ్డగించువాడెవ్వడును లేని నేడు, గది లేక క్షీణించుట న్యాయమా?

గ్రంథాలయము మాట వచ్చినది కావున మరియొక సంగతి. 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద మా ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును మీరు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలసియున్నది. ఆ ఎనిమిది పైసలు మావి. ఎక్కడ చూచినను గ్రంథాలయములు నేడు ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులతో నిండియున్నవి. వారి అవసరము గొప్పది, వారి కుర్చీని లాగవలెనని నేననుటలేదు. కాని నవల చదువవచ్చిన గృహిణియు, పద్యము వినిపింపవచ్చిన వృద్ధుడును, ఊరి చరిత్రను గూర్చి ముచ్చటించుకొనదలచిన మిత్రులును అక్కడ గొంతు ఎత్తిన అపరాధులగుచున్నారు. వారికొక ప్రక్కగది వలదా?

అభిరుచి యెంతదూరము పోగలదో తెలియుటకు మన ఉమ్మడి జిల్లాయే సాక్షి. వలిగొండకు చెందిన బి. ఎన్. శాస్త్రిగారు గుళ్ళవెనుకను, చెరువుకట్టలమీదను, పొలముగట్లపైనను నిలిచిన శాసనములను వెదకి, చదివి, సంపుటములుగ ప్రకటించి, ‘మూసీ’ పత్రికను నడపి, నల్లగొండ జిల్లా చరిత్రకు చేసిన సేవ ఎంతటిదో చదువరులు ఎరుగుదురు. పానగల్లు, పిల్లలమర్రి, ఫణిగిరి — రాళ్ళు మాటలాడు ప్రదేశములు మన చుట్టును ఇన్ని యున్నవి. ఆదివారము సైకిళ్ళపై పోయి వానిని చూచివచ్చు పదిమంది యువకుల జట్టు ప్రతి పట్టణమునకును ఉండదగును. మరియొక వైపు చూడుడు: కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు తమ ఇంటి మిద్దెపై కూరగాయలు పండించి, తమ అనుభవమును పుస్తకముగ వ్రాసిన పిదప, ‘మిద్దెతోట’ తెలుగునాట ఎందరికో నిత్యానందమైనది. ఒకరు బీరవిత్తులు పంచుదురు, ఒకరు పురుగునకు వేపకషాయము చెప్పుదురు, ముఖపరిచయమైన లేనివారు కరివేపమొక్కను సాకుగ చేసికొని ఇండ్లకు రాకపోకలు సాగింతురు. ఒక్క వంకాయ కాచినందుకు ఆ యింటివారు పొందు సంతోషము అంగడిలో బస్తాడు వంకాయలు కొన్నను రాదు.

పరదేశములందు ఈ సంగతిని చట్టమునకే ఎక్కించిరి. ఇంగ్లండులో 1908 నాటి చట్టము ప్రకారము, తోట పెంచుకొనుటకు చిన్న మడి కావలెనని ఆరుగురు పౌరులు కలసి అడిగినచో స్థానిక సంస్థ ఆ కోరికను పరిశీలింపక తప్పదు. అట్టి మడులు గల చోట కార్మికుడును, గుమాస్తాయు, వృద్ధురాలును ప్రక్కప్రక్కన గోనెపట్టాలు పరచుకొని కలుపు తీయుదురు. ఆరుగురు చాలునన్న ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది. ఊరేగింపు అక్కరలేదు, ధర్నా అక్కరలేదు, ఎమ్మెల్యేగారి సిఫారసు అక్కరలేదు. మన హాలియాలో ఆరుగురు వచ్చి సాయంకాలము కూర్చుండుటకు గది అడిగినచో ఏ బల్లయొద్దకు పోవలెనో మీ కార్యాలయమున ఎవరైన చెప్పగలరా?

ధనము లేదందురేమో. నేనడుగుచున్నది కోట్లతో కట్టు భవనము కాదు. కట్టిన భవనముల తాళపుచెవి. సాయంకాలము ఖాళీగనుండు ప్రభుత్వ పాఠశాల ఆవరణలు, సామాజిక భవనములు, సభలు లేనినాడు తలుపులు మూసియుండు సమావేశమందిరములు మీ పట్టణములలోనే యున్నవి. లేఅవుటునకు అనుమతి పొందువారు నూటికి పదివంతుల స్థలమును ప్రజోపయోగమునకు విడువవలెనను నిబంధనయు మీచేతనే యున్నది. ఆ పదివంతులు ఎక్కడెక్కడ ఉన్నవో, ఎవరి కడీల వెనుక ఉన్నవో, ఒక పటము గీయించి ప్రజలకు చూపుడు. 2022లో క్రీడాప్రాంగణముల పథకము వచ్చినప్పుడు ఊరూర బోర్డులు వెలసినవి. బోర్డు నాటుట సులభము. నేల చదును చేసి, ముండ్లకంప నరికి, దీపము పెట్టి, పిల్లలు వచ్చుచున్నారా లేదాయని నెలకొకమారు చూచుట పాలన. ఇక 2019 నాటి పురపాలక చట్టము ప్రతి వార్డునకును యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అను నాలుగు కమిటీలను, ఒక్కొక్కదానికి పదునైదుగురు సభ్యులను నిర్దేశించినది. అరువదిమంది! పారిశుద్ధ్యమును గూర్చియు, మొక్కలను గూర్చియు వారిని సంప్రదించుట మంచిదే. మీ వార్డులో జనులు సాయంకాలము ఏమి చేయగోరుచున్నారని వారిని అడుగుటకు అడ్డమేమి?

అంతయు ఫోనులోనే ఉన్నదిగదా, ఎవరికి కావలసినది వారు చూచుకొనుచున్నారుగదాయని యువకులైన అధికారులు కొందరు భావింపవచ్చును. చూచుట వేరు, చేయుట వేరు. చిరుతల పాటను ఫోనులో వినినవాని పాదమునకు దుమ్ము అంటదు. తాళము తప్పినప్పుడు ప్రక్కవాడు మోచేతితో పొడిచి నవ్వడు. ఆ నవ్వు కొరకే మనుష్యుడు ఊరు కట్టుకొన్నాడని నా విశ్వాసము. సుఖదుఃఖములు ఎవరివి వారివేనని, ప్రభుత్వమునకు వానితో పనిలేదని మరికొందరందురు. అట్లైనచో 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన ఇరువదినాలుగవ అధికరణమున విశ్రాంతిని, తీరికను మనుష్యుని హక్కులుగ ఏల చేర్చిరి? తీరిక హక్కైనప్పుడు, ఆ తీరికను నలుగురితో పంచుకొను చోటును కల్పించుట ఎవరి ధర్మము?

నా మనవి సంక్షిప్తము. రాబోవు బడ్జెటు సమావేశమునకు ముందు ప్రతి వార్డునందును ఒక గదిని గాని, ఒక ఆవరణను గాని సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది వరకు తెరచియుంచుటకు తీర్మానింపుడు. వారమున కొన్ని దినములను స్త్రీలకు ప్రత్యేకింపుడు. ఈ యాసంగి కోతలు ముగియునాటికి, చిరుతలు నేర్పగల పెద్దలు మన పల్లెలలో ఇంకను ఎవరెవరున్నారో వార్డు కమిటీలచేత విచారింపజేసి, వారికి తగిన సంభావన ఏర్పాటుచేయుడు. వారి గొంతులు తగ్గిపోవుచున్నవి, ఆలస్యమునకు వ్యవధి లేదు. ఏ వార్డులో ఏ గది, అది ఎవరి పర్యవేక్షణలో నుండును, తాళపుచెవి ఎవరియొద్ద దొరకును — ఈ మూడు సంగతులు వ్రాసి కార్యాలయపు నోటీసుబోర్డుపై అంటింపుడు. చాపలు, చదరంగపు బల్ల, హార్మోనియము మేము తెచ్చుకొందుము.

ఇట్లు,
హాలియా పౌరుడొకడు